పళ్లెంలో చివరి చీటీ

దేవుడు చెప్పాల్సిన మాటని మనిషి ముందే రాసి, ఎవరికి అందాలో వాళ్ల చేతికే అందేలా పెడితే, అది ఎవరి మాట అవుతుంది? నాకు డెబ్భై నాలుగేళ్లు. చదువుకోవడం తప్ప పెద్దగా ఏ పనీ చేతకాని మనిషిని. ఎన్ని పుస్తకాలు తిరగేసినా, ఎన్ని పొద్దులు మోకాళ్ల మీద ఉన్నా ఈ ఒక్క ప్రశ్నకి జవాబు దొరకలేదు. దొరికాక రాద్దాం అనుకుంటూ కూర్చుంటే ఈలోపు నేనే ఉండకపోవచ్చు. అందుకని జవాబు లేకుండానే రాస్తున్నాను.

ఇది మా పాస్టరు దేవానందం గారి సంగతి. తిరువూరు బస్టాండు వెనక సందులో రేకుల కప్పు మందిరం మాది. ఒకప్పుడు అరవై కుటుంబాలు వచ్చేవి. ఇప్పుడు పదిహేడు. వెళ్లిపోయినవాళ్లు దెబ్బలాడి వెళ్లలేదు. బైపాసు వైపు కొత్తగా పెద్ద హాలు లేచింది, అక్కడ డ్రమ్ములు, తెరలు, వేదిక మీద పొగ వదిలే యంత్రం కూడా ఉందట. కొందరు అక్కడికి వెళ్తున్నారు. కొందరు ఫోనులో ప్రసంగం పెట్టుకుని కూర తరుక్కుంటూ వింటున్నారు. దారిలో కనిపిస్తే మాత్రం అందరూ ఆగి "వందనాలు అయ్యగారూ" అంటారు. ఆ వందనాలే ఆయనకి ఎక్కువ గుచ్చుకునేవనుకుంటాను.

ఆయన పదమూడో ఏటి నుంచి నాకు తెలుసు. వినగడప హైస్కూల్లో ఎనిమిదో తరగతికి తెలుగు చెప్పాను. పద్యం అప్పజెప్పమంటే నిలబడి గోడకేసి చూసేవాడు. ఒకసారి హెడ్మాస్టరు గదిలో కరెంటు గంట మోగడం మానేస్తే, నా జడలో పిన్ను అడిగి తీసుకుని పావుగంటలో మోగించాడు. తర్వాత పిన్ను తుడిచి మరీ తిరిగిచ్చాడు. ఆ క్లాసులో "ఒరే" అన్న నోటితోనే, పన్నెండేళ్ల తర్వాత "అయ్యగారూ" అనడం నేర్చుకున్నాను. అది మా సంఘపు మర్యాద. పుల్పిట్ ఎక్కి వాక్యం చెప్పేవాడు ఎంత చిన్నవాడైనా అయ్యగారే.

ఆయన తల్లి మేరమ్మ. కూలికి వెళ్లే మనిషి. మొదటి ఇద్దరు బిడ్డలూ పురిట్లోనే పోయారు. మూడోసారి కడుపు నిలిచినప్పుడు, మిరపచేలో కలుపు తీస్తూ తీస్తూ గట్టు మీద మోకరించి, ఈ బిడ్డ బతికితే నీ సేవకే ఇస్తానని మొక్కుకుంది. బిడ్డ బతికాడు. ఆ బిడ్డే దేవానందం. నాకు తెలిసి గడిచిన ఇరవై ఏళ్లలో సాక్ష్యాల కూడిక ఏది జరిగినా మేరమ్మ లేచి ఈ కథ చెప్పకుండా ఉండలేదు. "నేను కన్నది నా కోసం కాదమ్మా. కడుపులో ఉండగానే ఇచ్చేశాను," అనేది. అందరూ స్తోత్రం అనేవాళ్లు. నేనూ అన్నాను. కొడుకు మాత్రం కుర్చీలో తలొంచుకుని చేతివేళ్ల గోళ్లు చూసుకునేవాడు. మాకది వినయంలా కనిపించేది.

ఇచ్చేసినదాన్ని నీకు ఇష్టమేనా అని ఎవరూ అడగరు కదా. ఆయన్నీ ఎవరూ అడగలేదు. పదో తరగతి అయ్యాక ఐటీఐ చదివి, విస్సన్నపేటలో దశరథరామయ్య గారి మోటారు వైండింగ్ షాపులో చేరాడు. మామిడితోటల బోర్ల మోటార్లు కాలిపోతే అక్కడికే తెస్తారు. కాలిన తీగ పీకి, కొత్త రాగితీగ లెక్క తప్పకుండా చుట్టి, వార్నిష్ పట్టించి, ఎండబెట్టి ఇస్తారు. నాలుగేళ్లు చేశాడు. దశరథరామయ్య గారు కాస్త నోటి దురుసు మనిషి, పొగడ్త ఆయన నోట రాదు. అలాంటి ఆయనే నాతో ఒకసారి, "మీ శిష్యుడి చేతిలో తీగ మాట వింటుందమ్మా," అన్నారు.

ఆయనకి ఇరవై రెండో ఏట మేరమ్మ కొత్త తెల్లచొక్కా, ప్యాంటు సంచిలో పెట్టుకుని బస్సెక్కి షాపుకి వెళ్లింది. మర్నాడే పాస్టరు చదువు చెప్పే సేవకుల శిక్షణకి ప్రయాణం. ఆయన రెండు రోజులు కిరసనాయిలుతో తోముకున్నా గోళ్ల సందుల్లో వార్నిష్ పోలేదని, ఆ చేతులు దాచుకునే మొదటి ప్రార్థన చేశానని తర్వాతెప్పుడో నవ్వుతూ చెప్పాడు.

తిరువూరు వచ్చాక ఇరవై మూడేళ్లు చేశాడు. చెడ్డ సేవకుడని మాత్రం ఎవరూ అనలేరు. పెద్దాసుపత్రిలో ఎవరున్నా పక్కన కూర్చునేవాడు. ఎవరైనా పోతే శవం లేచేదాకా ఆ ఇల్లు కదిలేవాడు కాదు. ఆయన భార్య గ్లోరి కుట్టుమిషను పెట్టుకుని ఇల్లు లాక్కొచ్చేది, ఒక్కగానొక్క కూతురు జాస్మిన్ ఇంటరు చదువుతోంది. గృహప్రార్థనకి ఎవరింటికి వెళ్లినా ముందు అక్కడి ఫ్యాను చూసేవాడు, ఇస్త్రీపెట్టె చూసేవాడు. స్కూటరు డిక్కీలో చిన్న పనిముట్ల పెట్టె ఉండేది. ప్రసంగమే కుదిరేది కాదు. శనివారం అంతా కూర్చుని రాసుకునేవాడు, ఆదివారం ఆ కాగితం వైపు చూస్తే ఏదో వేరేవాళ్ల ఉత్తరం చదువుతున్నట్టుండేది. మా సంఘ పెద్ద విజయ్ కుమార్ గారు ఆర్టీసీలో కండక్టరు చేసి రిటైరైన మనిషి, నోరు ఊరుకోదు. "మా అయ్యగారు మొదలుపెడితే మా మనవరాలికి జోల పాడక్కర్లేదు," అని ఆయన ఎదుటే అనేవారు. దేవానందం గారు కూడా నవ్వేవారు. నవ్వి ఇంటికెళ్లి ఆ పూట అన్నం తినరని గ్లోరి నాతో చెప్పింది.

ఇక చీటీల సంగతి. ప్రతి సంఘంలోనూ కొత్త సంవత్సరానికి వాగ్దానం ఇస్తారు. ఒక్కొక్కరికీ ఒక వాక్యం, ఏడాదంతా అదే వాళ్లకి తోడు. అన్నిచోట్లా ఇప్పుడు అచ్చు కార్డులు వచ్చాయి. మా దగ్గర మాత్రం చేత్తో రాసినవే. ఆ పని నాది. ఏడాది పొడవునా వచ్చిన శుభలేఖలు దాచి, వాటి వెనక తెల్లభాగం కత్తిరించి, ఒక్కో ముక్క మీద ఒక్కో మాట రాస్తాను. మడిచి ఇత్తడి పళ్లెంలో గుడ్డ పరిచి వేస్తాను. మావాళ్లలో ముసలివాళ్లు ఎక్కువ కాబట్టి అర్ధరాత్రి ఆరాధన మానేసి, ఒకటో తారీఖు పొద్దున పది గంటలకి పెట్టుకున్నాం. నేను పళ్లెం పట్టుకుని నిలబడతాను. ఒక్కొక్కరూ వచ్చి తీసుకుంటారు. చివరికి మిగిలిన ఒక్కటీ పాస్టరుగారిది. ఆయన అది విప్పి అందరికీ వినబడేలా చదవాలి, సంఘమంతా ఆమెన్ అనాలి. ఆ చీటీని మావాళ్లు ఫోను కవరు వెనక పెట్టుకుంటారు, బీరువా తలుపుకి అంటిస్తారు, కందిపప్పు డబ్బాలో దాస్తారు. బోరు వేయాలా వద్దా, సంబంధం ఖాయం చేయాలా వద్దా అన్నది దాన్ని చూసి తేల్చుకునేవాళ్లు కూడా ఉన్నారు.

ఆటో నడిపే డానీకి వరసగా మూడేళ్లు ఓపిక గురించిన మాటే వచ్చింది. మూడో ఏడు పళ్లెం ముందే నిలదీశాడు. "టీచరుగారూ, మా ఆవిడ మీకేమైనా చెప్పిందా? నిజం చెప్పండి," అన్నాడు. అందరూ నవ్వారు. "రాసేది నేనే డానీ, ఇచ్చేది నేను కాదు," అన్నాను. అందరి ముందూ అన్న మాట అది.

రెండేళ్ల కిందట నవంబరులో ఒక గురువారం. మా మిక్సీ తిరగడం లేదని చూడ్డానికి దేవానందం గారు వచ్చారు. వరండాలో పీట మీద కూర్చుని మిక్సీ బోర్లించి మరలు విప్పారు. మరలన్నీ వరసలో, విప్పిన క్రమంలోనే పేర్చుకున్నారు. నేను టీ పెట్టి తెచ్చేసరికి, తల ఎత్తకుండానే చెప్పడం మొదలుపెట్టారు. మూడేళ్లుగా ప్రార్థనలో మాట రావడం లేదట. మోకరిస్తే గదిలో తనొక్కడే ఉన్నట్టుంటుందట. దాన్ని మించి ఇంకోటి.

"నవ్వకూడదు టీచరుగారూ. పుల్పిట్ ఎక్కగానే వెనకాల ఎవరో గడియ పెట్టినట్టు ఉంటుందండి. ముందు మీరందరూ, వెనక ఆ తలుపు. మధ్యలో నేను."

నేను నవ్వలేదు. అమ్మకి చెప్పారా అని అడిగాను. అమ్మకి ఏం చెప్తానండి, నేను పుట్టకముందే అయిపోయిన పని అది, అన్నారు. తర్వాత అసలు సంగతి చెప్పారు. దశరథరామయ్య గారికి కళ్లు ఆనడం లేదు. కబురు చేశారట, నా తర్వాత షాపు నువ్వు చూసుకో, నీకైతేనే అప్పగిస్తాను అని. ఎండాకాలం మోటార్ల పని మొదలయ్యేలోపు, అంటే జనవరి దాటకుండా జవాబు కావాలి. గ్లోరి వెళ్దామనే అంది. ఆయన మనసు అప్పటికే విస్సన్నపేటలో ఉంది. అది ఆయన చేతుల్లోనే కనిపించింది. కానీ ఇరవై మూడేళ్ల పని ఒక్క మాటతో దించేయడానికి ధైర్యం చాలలేదు.

మిక్సీ బిగించి స్విచ్ వేశారు. తిరిగింది. ఆ చప్పుడు మధ్యలో అన్నారు: "చూద్దామండి. జనవరి ఒకటిన నా చీటీలో ఏం వస్తుందో చూసి, దాన్నిబట్టి తేల్చుకుంటాను. ఇరవై మూడేళ్లు మీ అందరికీ చెప్పాను కదా, ఆ మాట మీదే నిలబడండని. ఈసారి నేనూ నిలబడతాను."

తర్వాత ప్రార్థన చేసి వెళ్లారు. మాలో పాస్టరు ఇంటికొస్తే ప్రార్థన చేయకుండా గడప దాటరు. "ప్రార్థన చేసుకుందామండీ" అంటే వెళ్లొస్తానని అర్థం. మేం కొంగు తల మీదకి లాక్కుని కళ్లు మూసుకుంటాం. ఆమెన్ అన్నాక వందనాలు చెప్పి మెట్లు దిగుతారు.

ఆ రోజు నేను ఏం చేసి ఉండాల్సిందో ఇప్పుడు తెలుస్తోంది. అలసిపోయి, ఇక చాలు నా ప్రాణం తీసుకో అని ఎడారిలో చెట్టు కింద పడుకున్న ప్రవక్త కథ బైబిల్లో మనందరం చదివిందే. ఆయనకి దేవదూత ప్రసంగం చెప్పలేదు. లేచి నిలబడమని కసరలేదు. కాల్చిన రొట్టె, నీళ్లు పెట్టాడు. తిని మళ్లీ పడుకుంటే పడుకోనిచ్చాడు. రెండోసారి లేపి మళ్లీ తినమన్నాడు. నలభై ఏళ్లుగా ఆ అధ్యాయం చదువుతూ, రొట్టె దగ్గర ఆగకుండా తర్వాత దేవుడు మాట్లాడేముందు వచ్చే గాలి, నిప్పుల దగ్గరికి పరిగెత్తేదాన్ని. మీ సంఘంలో కూడా ఒక సేవకుడు మూగబోయి ఉంటే, దయచేసి ముందు అన్నం పెట్టండి. నిద్రపోనివ్వండి. ఏ పని చేస్తే ఆయన ముఖం తేటపడుతుందో అది చేసుకోనివ్వండి. వాక్యం తర్వాత. అది ఎక్కడికీ పోదు.

నేను అన్నం పెట్టలేదు. శుభలేఖలు ముందేసుకుని కూర్చున్నాను.

నా భయాలు నాకున్నాయి. ఆయన వెళ్తే పదిహేడు కుటుంబాలకి కొత్త సేవకుడు ఎవరొస్తారు? మందిరం మూతపడుతుంది. అంతకన్నా లోపలి భయం ఇంకొకటి ఉంది, సిగ్గు విడిచి చెప్తున్నాను. మా ఆయన పోయినప్పుడు మట్టి చేసింది దేవానందం గారే. నన్నూ ఆయనే మట్టి చేయాలని నాకుండేది. ఈ రెండు భయాలనీ కలిపి దానికి ప్రోత్సాహం అని పేరు పెట్టుకున్నాను. నిరుత్సాహపడ్డ మనిషికి బలమైన మాట ఒకటి చేతిలో పెడితే లేచి నిలబడతాడు అనుకున్నాను.

యాభై చీటీలు రాశాను. వాటిని ఎప్పటిలాగే కలిపాను. యాభై ఒకటోది విడిగా రాశాను. నువ్వు పుట్టకముందే నీ పేరు నా దగ్గర ఉంది, నువ్వు నా పని కోసం నేను వేరుచేసి పెట్టుకున్నవాడివి అన్న మాట. నాకు తెలిసినంతలో సేవకుడికి అంతకన్నా పెద్ద ఆదరణ లేదు. మా ఇళ్లలో అందరం చేసే పొరపాటే ఇది, మందు ఎంత బలమైనదో చూస్తాం గాని, మనిషికి ఏ జబ్బో చూడం. అది మేరమ్మ మిరపచేలో మొక్కుకున్న మాటకి ముద్ర వేయడమేనని నాకు తట్టనే లేదు. తట్టిందేమో, తట్టనివ్వలేదేమో.

జనవరి ఒకటి. పళ్లెంలో గుడ్డ కింద, నా బొటనవేలి అడుగున ఆ చీటీ. ఒక్కొక్కరూ వచ్చి తీసుకున్నారు. డానీ కళ్లు మూసుకుని తీసి, విప్పి చూసుకుని, "ఈసారి ఓపిక కాదు, స్తోత్రం," అన్నాడు. ఆఖర్న దేవానందం గారు వచ్చేసరికి పళ్లెం ఖాళీ. నేను గుడ్డ సర్దినట్టు చేసి, వేలు తీశాను.

ఆయన విప్పారు. మొదట తనలో తను చదువుకున్నారు. ఆ ముఖం నేను ఇప్పటికీ మర్చిపోలేదు. తర్వాత గట్టిగా చదివారు. సంఘం ఆమెన్ అంది. మేరమ్మ ముందు వరసలోంచి లేచి, రెండు చేతులూ పైకెత్తి ఏడ్చింది. వచ్చి కొడుకు చేతిలోంచి ఆ చీటీ తీసుకుని కళ్లకద్దుకుని, నడుముకి దోపుకునే గుడ్డసంచిలో పెట్టుకుంది. ఆయన చెయ్యి అలాగే చాచి ఉంది. ఖాళీ చెయ్యి.

ఆ వారమే విస్సన్నపేట వెళ్లి దశరథరామయ్య గారికి రానని చెప్పొచ్చారు. ఆయన షాపుని పెనుగొలను కుర్రాడు సురేష్ బాబుకి అప్పగించారు. స్కూటరు డిక్కీలో పనిముట్ల పెట్టె కూడా దేవానందం గారు ఎవరికో ఇచ్చేశారు. ఇకనుంచి వాక్యం మీదే మనసు పెట్టాలండి, దేవుడు అంత స్పష్టంగా చెప్పాక చేతులు రెండు పనుల మీద ఉండకూడదు, అన్నారు. ఎవరింట్లో ఫ్యాను కిర్రుమన్నా తల ఎత్తి చూసేవారు కాదు.

నిలబడ్డారు, నిజమే. ఆదివారం తప్పలేదు, బుధవారం ఉపవాస ప్రార్థన తప్పలేదు. ప్రసంగాలు ఇంకా పొడుగయ్యాయి. ఆ ఏడాది ఆయనకి బీపీ వచ్చింది. గొంతు మాటిమాటికీ పూడుకుపోయేది. నేను ముందు బెంచీలో కూర్చుని ఆయన చేతుల వంక చూసేదాన్ని. పుల్పిట్ చెక్క అంచు మీద బొటనవేలు అటూ ఇటూ తిరుగుతూ ఉండేది, ఏదో చుడుతున్నట్టు. మాటలకీ ఆ వేలికీ సంబంధం ఉండేది కాదు.

ఆగస్టులో విస్సన్నపేటలోనే అలిసిన సేవకుల కోసం మూడు రోజుల ప్రోత్సాహ సభలు పెట్టారు. విజయ్ కుమార్ గారు పట్టుబట్టి పంపించారు. తిరిగొచ్చాక ఎలా జరిగాయని అడిగాను. జిప్పున్న నల్ల బ్యాగు చూపించారు, లోపల పెన్నూ పుస్తకం, అందరికీ ఇచ్చారట.

"ఏం చెప్పారండీ?"

"పైకి లేవమన్నారండి. మూడు రోజులూ ప్రతి ప్రసంగంలోనూ, నమ్మినవాళ్లు పైకి లేవండి, విడిచిపెట్టనన్నవాళ్లు పైకి లేవండి అని. నా పక్కన గంపలగూడెం నుంచి వచ్చిన పెద్దాయన నాలుగోసారికి నా చెవిలో, కూర్చోమనేవాళ్లు ఎవరైనా ఉన్నారా తమ్ముడూ, అన్నాడు."

ఇద్దరం నవ్వాం. ఆ ఏడాదిలో ఆయన నవ్వడం నేను చూసింది అప్పుడే. తర్వాత చెప్పారు, సభల మధ్యలో భోజనాల వేళ ఎటూ వెళ్లలేక రోడ్డు దాటి షాపు ముందు నిలబడ్డారట. సురేష్ బాబు గుర్తుపట్టి లోపలికి రమ్మన్నాడట. వెళ్లలేదు. వార్నిష్ వాసన పీల్చుకుని వెనక్కి వచ్చేశారట. ఆ మాట చెప్తున్నప్పుడు ఆయన గొంతు పూడుకుపోలేదు.

తర్వాత ఏమైందో ఇక్కడే చెప్పేస్తాను, ఎందుకంటే నేను ఆపాలనుకున్న చోటు వేరే ఉంది. ఆయన ఇప్పుడు విస్సన్నపేటలో ఉంటున్నారు. తనదే కావాల్సిన షాపులో, తనకన్నా ఇరవై ఏళ్లు చిన్నవాడైన సురేష్ బాబు దగ్గర పనికి చేరారు. గ్లోరి కుట్టుమిషను, సామాను డానీ ఆటోలోనే వెళ్లాయి. వెళ్లేముందు గ్లోరి మా ఇంటికొచ్చి, అక్కడే ఉండిపోయిన నల్ల బ్యాగు తీసుకుంది. నా చెయ్యి కాసేపు పట్టుకుంది. మేరమ్మ వినగడపలోనే ఉంది. సాక్ష్యాల్లో లేవడం లేదు. ఆదివారాలు విజయ్ కుమార్ గారు వాక్యం చదివి ఊరుకుంటున్నారు. ఆ మధ్య ఒకసారి నాతో, ఆయన నెమ్మదిగా చెప్పేవాడే గాని ఉన్నదే చెప్పేవాడండి, అన్నారు. అది ఆయన ఎదుట అని ఉంటే బాగుండేది అన్నాను. ఆ రోజుకి నోరు ఊరుకుంది.

నేను ఆపాలనుకున్నది మొన్నటి డిసెంబరులో ఒక బుధవారం దగ్గర.

పొద్దున పదకొండు గంటలకి దేవానందం గారు నడిచి వచ్చారు, మందిరం మాకు రెండు సందులే. చీటీలకి పేర్ల లెక్క తెచ్చారు. ఈసారి నలభై రెండు చాలండి అన్నారు. బల్ల మీద శుభలేఖలు, కత్తెర పెట్టి ఉన్నాయి. బ్యాగు కుర్చీ పక్కన పెట్టి కూర్చున్నారు. మా బోరు మోటారు నాలుగు రోజులుగా పనిచేయడం లేదు, పక్కింటి నుంచి బిందెతో నీళ్లు తెచ్చుకుంటున్నాను. ఆయనకి చెప్పలేదు. వంటింటి గుమ్మంలో బిందె చూశారు, చూసి చూపు తిప్పుకున్నారు.

ఆ చూపు తిప్పుకోవడం చూశాక నావల్ల కాలేదు.

"పోయిన జనవరిలో మీకొచ్చిన చీటీ..." అన్నాను. "అది రాలేదు అయ్యగారూ. నేను పెట్టాను."

ఆయన అడిగారు. "పళ్లెంలో ఎక్కడ పెట్టారండి?"

"గుడ్డ కింద. నా వేలి కింద."

తలూపారు. తీగ ఎక్కడ తెగిందో కనిపెట్టాక మెకానిక్కు తలూపుతాడు చూడండి, అలా.

"మిగతావాళ్లవి?"

"కలిపే వేశాను. ప్రమాణంగా."

"డానీది కూడా?"

"డానీది కూడా."

"అయితే సరే," అన్నారు. పెదవుల చివర చిన్న నవ్వులాంటిది కదిలి ఆగిపోయింది. తర్వాత కిటికీ వైపు చూస్తూ, "అమ్మకి చెప్పకండి. పడుకునేటప్పుడు కూడా ఆ సంచి తీసి పక్కన పెట్టదు," అన్నారు.

క్షమించమని అడిగాను. ఎందుకు చేశానో మొత్తం చెప్పాను, మట్టి చేసే సంగతితో సహా. వింటున్నారో లేదో తెలియలేదు. కాగితం ముక్క ఒకటి తీసుకుని వేలికి చుట్టుకుంటున్నారు. నా మాటలు అయిపోయాయి. ఇంకేం చెప్పాలో తెలియక, అలవాటు ప్రకారం కొంగు తల మీదకి లాక్కుని కళ్లు మూసుకున్నాను. ఏ ప్రార్థన చేసినా ఆమెన్ అందామని. నన్ను తిట్టినా సరే.

కుర్చీ జరిగిన చప్పుడైంది. గొంతు సవరించుకుంటారని ఎదురుచూశాను. అడుగులు నా వైపు కాకుండా వంటింటి వైపు వెళ్లాయి. ఫ్రిజ్ మీద టెస్టరు ఉంటుంది, అది తీసిన చప్పుడు. పెరటి తలుపు. స్టార్టర్ డబ్బా మూత. తర్వాత చాలాసేపు ఏమీ లేదు, సందులో కూరగాయల బండివాడి కేక తప్ప. నేను కళ్లు తెరవలేదు. ప్రార్థన మధ్యలో కళ్లు తెరవకూడదని చిన్నప్పటి నుంచీ నేర్చుకున్నాం, ప్రార్థన మొదలే కాలేదని తెలిసినా తెరవలేకపోయాను.

టక్కుమంది. మోటారు ఒక్కసారి మూలిగి, అందుకుంది. పైన ట్యాంకులో నీళ్లు పడుతున్న శబ్దం. ఆ శబ్దం మీదే కూర్చున్నాను. ఇప్పుడు లోపలికి వస్తారు, చేతులు కడుక్కుంటారు, ప్రార్థన చేసుకుందామండీ అంటారు.

ట్యాంకు నిండి, నీళ్లు సన్‌షేడు మీద పడడం మొదలైంది. అప్పుడు లేచాను. పెరట్లో ఎవరూ లేరు. స్టార్టర్ డబ్బా మూత బిగించి ఉంది. టెస్టరు ఎక్కడా లేదు. వెనక గేటు తీసి ఉంది, తడి చెప్పుల గుర్తులు సందులోకి నాలుగడుగులు వెళ్లి, ఎండకి అక్కడే ఆరిపోతున్నాయి. మోటారు ఆపి లోపలికి వచ్చాను. నల్ల బ్యాగు కుర్చీ పక్కనే ఉంది. నా తల మీద కొంగు ఇంకా అలాగే ఉంది.